ఓర్సొలా తుడిచిన కన్నీళ్లు

“ఆ తల్లికి ఇక ఏడుపు రావడం లేదు. అదే నా భయం.”

ఎండలోంచి చర్చి చీకట్లోకి అడుగుపెట్టిన మిరెల్లాకు ఆ మాట ఎవరన్నారో ముందు కనబడలేదు. చంకలో ఎనిమిది నెలల కొడుకు, భుజాన పరికరాల సంచి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక, పక్క పీఠం ముందు గడ్డి అల్లిన కుర్చీలో నల్ల శాలువా కప్పుకున్న ఒక ముసలామె కనిపించింది. నడుముకు తాళపుచెవుల గుత్తి వేలాడుతోంది. ఆమె మిరెల్లా వైపు చూడటం లేదు. పీఠం పైనున్న పెద్ద చిత్రాన్నే చూస్తోంది.

“చిన్నపిల్లప్పుడు చూశాను, పెళ్లయ్యాక చూశాను. చెంపల మీద నీళ్లుండేవి. ఇప్పుడు చూడు, ఎండిపోయాయి. మనతో విసిగిపోయి ఏడవడం మానేసిందంటావా, డాక్టరమ్మా?”

మిరెల్లా డాక్టరే గానీ రసాయన శాస్త్రంలో. పాత చిత్రాల మీది రంగుల్ని పరీక్షించే ప్రయోగశాలలో ఆమె ఉద్యోగం. కానీ నేపుల్స్‌లో, అందులోనూ సానితా పేటలో, చదువుకున్న మనిషి ఎవరైనా డాక్టరే. చర్చి దాకా వచ్చే లోపలే దారిలో ఒకావిడ తన మోకాలి నొప్పి సంగతి చెప్పుకుంది, ఇంకొకావిడ నాలుక చాపి చూపించింది. మిరెల్లా ఇద్దరికీ నీళ్లు బాగా తాగమని చెప్పి బయటపడింది. ఈ మూడో రోగికి మాత్రం ఆ మందు పనికిరాదు.

కొవ్వొత్తుల పొగ పట్టి ఉంటుందనీ, పాత వార్నిష్ గోధుమరంగుకు తిరిగి ఉంటుందనీ, శుభ్రం చేశాక మళ్లీ కనబడవచ్చనీ అంది.

ముసలామె తల అడ్డంగా ఊపింది. “పొగచూరిన ముఖం వేరు, ఏడుపు మానేసిన ముఖం వేరు. నువ్వూ తల్లివేగా, నీకు తెలీదా?”

ఆమె పేరు ఓర్సొలా. పేటలో అందరూ గౌరవంగా దొన్నా ఓర్సొలా అంటారు. చర్చి తాళాలు ఆమె దగ్గరే ఉంటాయి.

ఆ చిత్రంలో మూడొంతులు చీకటే. ఎడమ పక్క ఎక్కడినుంచో వచ్చిన వెలుగు ముందుగా సిలువ మీంచి దించిన కొడుకు అరికాళ్ల మీద పడుతుంది. పగిలి, మట్టి కొట్టుకుపోయిన అరికాళ్లు. చెప్పుల్లేకుండా వీధుల్లో తిరిగిన మనిషివి. అక్కడినుంచి ఆ వెలుగు డొక్కల మీదుగా పైకి పాకి తల్లి ముఖం దగ్గర ఆగిపోతుంది. ఆమెకు యాభై ఏళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది, పెదవి వాచింది. తల చుట్టూ బంగారు వలయం లేదు, దేవదూతలు లేరు. కొడుకు చెయ్యి మాత్రం తన రెండు చేతుల్లో ఉంది. ప్లేగు పేటను ఊడ్చుకుపోయిన రోజుల్లో, ఎవరికీ పేరు తెలియని ఒక చిత్రకారుడు పక్క వీధిలో చేపలమ్మే ఆడమనిషిని కూర్చోబెట్టి దాన్ని గీశాడని చెప్పుకుంటారు. పిల్లలందరినీ పోగొట్టుకున్న మనిషట. ఏడవమని ఆమెకు చెప్పాల్సిన పని పడలేదంటారు.

చావు జరిగిన ఇంట్లో ఆ పేటవాళ్లు పొయ్యి ముట్టించనివ్వరు. ఇరుగుపొరుగు కాఫీ, సూపు పట్టుకెళ్లి కూర్చుంటారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆ వీధి ఆడవాళ్లు మరియ తల్లికి కూడా అదే మర్యాద చేస్తారు. ఫ్లాస్కుల్లో కాఫీ తెచ్చి, ఒక కప్పు ఆమె కోసం పీఠం మెట్టు మీద పెట్టి, పొద్దువాలే దాకా కూర్చుంటారు. కొడుకు పోయిన మనిషిని ఒంటరిగా ఎలా వదిలేస్తాం అంటారు. ఆ చర్చి ఫాదరు దోన్ ఎజీదియో వచ్చిన కొత్తలో చర్చిలో కాఫీ ఏమిటని గొణిగాడు. మరుసటి ఏడు తన కప్పులో చక్కెర తక్కువ వెయ్యమన్నాడు. ఈ ఏడు ఆ రోజుకల్లా చిత్రం శుభ్రపడి గోడకు ఉండాలని ఆయన పట్టు. అందుకే దాన్ని ఎక్కడికీ తరలించకుండా, పీఠం ముందే పరంజా కట్టి పని మొదలుపెట్టారు.

పని చేసేది సెవెరీనా. ముప్పై ఏళ్లుగా పాత చిత్రాలు బాగుచేస్తున్న మనిషి. కళ్లద్దాలు మందం, మాట కరుకు. ఏ పొర దేనితో కరుగుతుందో, ఏది ముట్టుకోకూడదో పరీక్షించి చెప్పడం మిరెల్లా వంతు.

బిడ్డ నీనోను తీసుకురావాలని మిరెల్లాకు లేదు. భర్త సాల్వో దీవులకు వెళ్లే ఓడల మీద పని చేస్తాడు, అత్తగారు తుంటి విరిగి మంచంలో ఉంది. అసలు మాట అది కాదనుకోండి. ఎవరైనా చూసుకునేవాళ్లున్నా ఆమె వదిలి రాగలిగేది కాదు. వాడు నెలలు నిండకుండా పుట్టాడు. పుట్టాక చాలా వారాలు అద్దాల పెట్టెలో ఉన్నాడు. ఆ రోజుల్లో ఆమె కొడుకు ముఖం కన్నా, పెట్టె పక్కన మెరిసే అంకెల్నే ఎక్కువ చూసింది. అంకె తగ్గితే గుండె జారేది, పెరిగితే ఊపిరి ఆడేది. ఇప్పుడు వాడు బొద్దుగా, గట్టి గొంతుతో ఉన్నా ఆ అలవాటు పోలేదు. కాస్త ఏడిస్తే చాలు, సంచిలోంచి థర్మామీటరు బయటికొచ్చేది. జ్వరం లేదని తేలితే చెవులు చూసేది, పొట్ట నొక్కేది, ఊపేది, పాడేది, ఇంటి తాళాలు ఆడించేది. వాడి ఏడుపు ఎంత త్వరగా ఆగితే తాను అంత మంచి తల్లినని లోలోపల లెక్క.

ఇదంతా ఓర్సొలా కుర్చీలోంచి చూస్తూనే ఉండేది. ఒకసారి మాత్రం, “ఆ గాజు పుల్లకి కూడా పాలు పడుతున్నావా?” అని అడిగింది.

కొద్ది రోజుల్లోనే ఆమె బతుకు కథ మిరెల్లాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొంత ఆమె చెప్పింది, ఎక్కువ భాగం చర్చి ఎదుట వేయించిన పిజ్జాలు అమ్మే తితీనా చెప్పింది. ఓర్సొలా చేతి తొడుగులు కుట్టేది. ఒకప్పుడు సానితాలో ఇంటింటా అదే పని. మేకపిల్ల తోలు సాగదీసి, వేళ్ల సందుల్లో చిన్న ముక్కలు అతికి, కుట్టు పైకి కనబడకుండా కుట్టాలి. ఆ తొడుగులు ఎక్కడెక్కడి దొరసానుల చేతులకో వెళ్లేవి. కుట్టినవాళ్ల చేతులు చలికాలంలో పగిలేవి. ఆమె భర్త అనియెల్లో జర్మనీ కార్ఖానాకని వెళ్లి, మొదట ఉత్తరాలు రాశాడు, తర్వాత పండగలకు కార్డులు పంపాడు, తర్వాత అవీ లేవు.

“మీ ఆయన ఇంకా రైలు దిగలేదా, దొన్నా ఓర్సొలా?” అని తితీనా ఇప్పటికీ ఏడిపిస్తుంది.

“దిగితే దారి నిన్నే అడుగుతాడులే. ఊళ్లో అందరి దార్లూ నీకేగా తెలుసు” అని ఆమె జవాబు.

ఒక సంగతి మాత్రం తితీనా కూడా గొంతు తగ్గించి చెప్పింది. ఓర్సొలాకు లుచియెత్తా అని ఒక కూతురుండేది. నాలుగేళ్లకే జ్వరంతో పోయింది. ఆ తర్వాతే ఆమె చర్చిలో కుర్చీ వేసుకుంది. “ఆ పిల్ల పేరు ఆవిడ ముందు ఎత్తకు” అని హెచ్చరించి, తితీనా నూనెలో ఇంకో పిజ్జా వేసింది.

సెవెరీనా పని ఓర్సొలాకు తెగ నచ్చింది. సన్నటి పుల్లకు దూది చుట్టి, నాలుకతో తడిపి, మురికి మీద మెల్లగా దొర్లిస్తుంది. ఉమ్మికి మించిన మెత్తని మందు ఇంకా పుట్టలేదని ఆ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. అందులో ఏముందో మిరెల్లా వివరంగా చెప్పగలదు కూడా. ఓర్సొలాకు మాత్రం పిల్లల మూతులు తుడిచే తల్లులు గుర్తొచ్చి పడీ పడీ నవ్వింది. ఇంత చదువూ చదివి చివరికి అందరూ అమ్మ ఉమ్మి దగ్గరికే వచ్చారన్నమాట అంది.

నల్లటి పొర తొలగుతున్న కొద్దీ చీకట్లోంచి తల్లి ముసుగు నీలం తేలింది, తర్వాత నుదురు, తర్వాత ఎర్రబడ్డ కనురెప్పలు. కన్నీళ్లు తేలలేదు. మిరెల్లా భూతద్దం పెట్టి చూసింది. చిత్రంలో కన్నీరంటే పెద్దగా ఏముంటుంది? పల్చటి పూత, దాని మీద తెల్లరంగు సన్నటి గీత. చెంపల మీద ఆ పూతా లేదు, ఆ గీతా లేదు. అరిగిపోయాయి. చిత్రం గీసిన గుడ్డ నేత గుంటల్లో మాత్రం, ఉప్పు రవ్వల్లా, తెలుపు అక్కడక్కడా మిగిలింది. మిగిలిన ముఖమంతా చెక్కుచెదరలేదు.

వెనకటి తరం పనివాడెవడో గరుకు చేత్తో రుద్ది పాడుచేశాడని ఇద్దరూ అనుకున్నారు. సెవెరీనా ప్రతి ఉదయం పరంజా ఎక్కుతూ ఆ తెలియని మనిషిని తిట్టి గానీ పని మొదలుపెట్టేది కాదు. కింద కుర్చీలోంచి ఓర్సొలా కూడా ఆ తిట్టుకు తన తిట్టు కలిపేది.

“ఆ చేతులు పడిపోను. తల్లి ముఖమని కూడా చూడలేదు, పాపిష్టివాడు.”

ఈస్టరుకు ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం సగమైంది. ఒక శుక్రవారం ఓర్సొలా చిన్న కాగితం పొట్లంతో వచ్చింది. ఆ రోజు ముఖం కళకళలాడుతోంది. పొట్లం విప్పి సెవెరీనా వైపు చాపింది. తెల్లని చేతి తొడుగులోంచి కత్తిరించిన రెండు వేళ్లు. కొసలు నున్నగా, పసుపుపచ్చగా మారి ఉన్నాయి.

“ఇది నీకు. పాలు తాగే మేకపిల్ల తోలు. ఆ దూది తల్లి చెంపకి గరుకు. మీరొచ్చేదాకా ప్రతి శుక్రవారం తలుపేసుకుని, పీఠం ఎక్కి దీంతోనే తుడిచేదాన్ని. నీలాగే, ఉమ్మితోనే.”

సెవెరీనా చేతిలోని పుల్ల ఆగిపోయింది. మిరెల్లా ఆ పసుపు కొసల్నే చూస్తూ ఉండిపోయింది. ఏదో ఒకటి అనాలి. మంచి తోలు అనొచ్చు, థాంక్స్ అనొచ్చు. బుట్టలో నీనో ఏడుపు అందుకున్నాడు. వాడు పుట్టాక మొదటిసారి, మిరెల్లా వాడి వైపు తిరగలేదు.

ఓర్సొలా ఇద్దరి ముఖాలూ చూసింది. తర్వాత తోలు కొసల్ని చూసింది. బతుకంతా తోలుతో గడిపిన మనిషికి, మెత్తని తోలు దేన్నైనా ఎంత నున్నగా అరగదీస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు.

“ఏ చెంప మీద పోయిందన్నారు?” అని అడిగింది.

“రెండు చెంపల మీదా” అంది సెవెరీనా, చాలా మెల్లగా.

“నేను రెండూ తుడిచేదాన్ని.”

అంతే. నడుము నుంచి తాళాల గుత్తి విప్పి, చప్పుడు కాకుండా పీఠం మెట్టు మీద పెట్టి, గోడ పట్టుకుని బయటికి నడిచింది. మిరెల్లా వెనకాల పరుగెత్తింది గానీ, వీధిలోకి వెళ్లేసరికి ఆ నల్ల శాలువా సందు తిరిగిపోయింది.

ఆ మరునాడు కుర్చీ ఖాళీ. ఆ వారమంతా ఖాళీయే. ఓర్సొలా ఉండేది వీధి మట్టంలో ఒకే గది ఇల్లు. అలాంటి ఇళ్లకు పగలంతా తలుపులు తెరిచే ఉంటాయి. ఆమె తలుపు మూసే ఉంది. దోన్ ఎజీదియో వెళ్లి తాళాలు తిరిగి తీసుకోమని బతిమాలాడు. నాకు ఆ తల్లికి ముఖం చూపించే హక్కు లేదు ఫాదర్ అని లోపల్నుంచే జవాబొచ్చింది. ఆ కుర్చీలో కూర్చోకపోతే ఆమె ఎక్కడ బతుకుతుందో పేటలో ఎవరికీ తెలియదు. ఆమె తిండి, నిద్ర, మాట, మౌనం అన్నీ ఆ చిత్రం చుట్టూనే తిరిగాయి. తితీనా పంపిన సూపు గిన్నె గుమ్మంలో అలాగే ఉండిపోయింది. ఈ వయసులో ఇలా పస్తులుంటే మనిషి దక్కదని తితీనా మొదటిసారి భయపడింది.

సంగతి పొక్కకుండా ఉంటుందా? పిజ్జా కోసం నిలబడ్డ ఒకావిడ, ముసలమ్మ మరియ తల్లి ముఖం కడిగి కడిగి రంగు ఊడగొట్టిందట కదా అని నవ్వింది. తితీనా గరిటె పక్కన పెట్టింది. “నువ్వెప్పుడైనా తుడిచావా? పోనీ, మీ అత్త ఏడుస్తుంటే తుడిచావా?” అంది. ఆ తర్వాత ఆ బడ్డీ దగ్గర ఎవరూ నవ్వలేదు.

దోన్ ఎజీదియో ఒక ఉపాయం చెప్పాడు. రెండు చుక్కలేగా, మళ్లీ వేసేస్తే సరి. ముసలామె చూసి ఊరట పడుతుంది, గుడ్ ఫ్రైడేకి వచ్చే ఆడవాళ్లూ భయపడరు. సెవెరీనాకు అది క్షణం పని. ఎప్పుడు కావాలంటే అప్పుడు తుడిచేయగల రంగుతో వేస్తానంది. మిరెల్లా రెండు రోజులు ఆలోచించింది. వేస్తే అందరూ మోసపోతారు, ఓర్సొలా తప్ప. ఆమె ఒక్క చూపుకే పట్టేస్తుంది. పట్టేసి, తన తప్పును కప్పిపుచ్చడానికి తల్లి ముఖానికి వేషం వేశారనుకుంటుంది. చిత్రమంతా శుభ్రపడే దాకా ఆగమని మిరెల్లా అడిగింది.

గుడ్ ఫ్రైడే వచ్చే పవిత్ర వారంలో, మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతున్న వేళ, సెవెరీనా పైనుంచి పిలిచింది. గొంతులో ఎప్పటి కరుకు లేదు. మిరెల్లా పరంజా ఎక్కింది. సెవెరీనా భూతద్దం చేతికిచ్చి, కొడుకు చేతి మీద ఇప్పుడే విడిపించిన చోటు చూపించింది.

తల్లి వేళ్లకు దిగువన, కొడుకు మణికట్టు మీద, ఒక నీటి బొట్టు ఉంది.

కిందికి చిన్న నీడ, లోపల సూదిమొనంత వెలుగు. పాలిపోయిన చర్మం మీద అది ఇంకా ఆరలేదన్నట్టుంది. ఇన్నేళ్ల పొగ, వార్నిష్ దాన్ని కప్పేశాయి. బతికున్నవాళ్లెవరూ దాన్ని చూసి ఉండరు. మిరెల్లా ఆ రోజు, మరునాడు కూడా దాన్ని పరీక్షిస్తూనే ఉంది. తర్వాతి కాలం వాళ్లెవరైనా చేర్చింది కాదని, చెంప మీది రవ్వల్లో ఉన్న తెలుపే ఇదని తేలాక భూతద్దం దించింది. అప్పటి దాకా ఎవరికీ చెప్పలేదు.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆడవాళ్లు నల్లబట్టలు కట్టుకుని ఫ్లాస్కులతో వచ్చారు. తల్లికి కప్పు పెట్టారు. పీఠం ముందున్న గడ్డి కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తితీనా తన ఫ్లాస్కు తెచ్చి మిరెల్లా చేతిలో పెట్టింది.

“నేనెళ్తే తలుపు తియ్యదు. మా అమ్మని కూడా గుమ్మంలోనే నిలబెట్టింది, ఆ పిల్ల పోయినప్పుడు. నువ్వెళ్లు. నీ మీద కోపం లేదు ఆవిడకి.”

దారిపొడవునా మిరెల్లా మాటలు కూర్చుకుంది. రంగు అరగడానికి ఎన్ని కారణాలుంటాయో చెప్పాలి; తేమ, పొగ, వెనకటి పనివాళ్లు, గుడ్డ సాగడం. తప్పంతా మీ ఒక్కరిదే కాదని ఒప్పించాలి. తలుపు తట్టింది. చాలాసేపటికి పై రెక్క తెరుచుకుంది. ఓర్సొలా ముఖం సగానికి సగం చిక్కిపోయింది. చంకలో బిడ్డను చూసి, ఏమనుకుందో, కింది రెక్క కూడా తీసింది.

లోపల ఒక మంచం, కుట్టు బల్ల, గోడకు ఒక చిన్నపిల్ల ఫొటో, దాని కింద చిన్న దీపం. దీపం వెలుగుతోంది. మిరెల్లా కూర్చుకున్న మాటలన్నీ ఆ ఫొటో ముందు చెల్లాచెదురయ్యాయి. తేమ గురించి ఏం చెబుతుంది? కాఫీ పోసి కప్పు అందించింది. తనకీ పోసుకుంది. మంచం అంచున కూర్చుంది. నీనో దుప్పటి కుచ్చులు నోట్లో పెట్టుకుని చప్పరిస్తున్నాడు. వీధిలో ఎవరో నడిచి వెళ్లారు. కాఫీ అయిపోయింది. మిరెల్లా ఇంకో కప్పు పోసింది.

చివరికి ఓర్సొలాయే నోరు విప్పింది. ఫొటో వైపు చూస్తూ, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

“జ్వరంతో ఏడ్చేది. నేను చూడలేకపోయేదాన్ని. కళ్లు తుడిచి, ఏడవకు, అమ్మ ఉందిగా, ఏడవకు అనేదాన్ని. పొద్దస్తమానం అదే మాట. చివరికి మానేసింది. తగ్గిందనుకున్నా. తగ్గలేదు బిడ్డా. నా ముఖం చూసి మానేసింది. నాలుగేళ్ల పిల్ల, అమ్మ కోసం నొప్పి దిగమింగుకుంది.”

ఆ తర్వాత తనకు ఏడుపు రాలేదంది. కాఫీ పట్టుకుని వచ్చినవాళ్లకు తలుపు తియ్యలేదు. తితీనా తల్లి కాఫీ చల్లారే దాకా గుమ్మంలోనే నిలబడి వెళ్లిపోయింది. ఎప్పుడో చర్చిలోకి వెళ్తే అక్కడ ఈ తల్లి ఏడుస్తోంది. తన బదులు ఆమె ఏడుస్తోందనిపించింది. మన కోసం ఒకరు ఏడుస్తుంటే చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటాం? తుడిచింది. కూతురి కళ్లు తుడిచినట్టే తుడిచింది. ప్రతి శుక్రవారం.

“కూతురి ఏడుపూ ఆపాను, ఆవిడ ఏడుపూ ఆపాను. నా చేతుల్లోనే ఉందేమో ఆ పాపం.”

మిరెల్లా అప్పుడు అడిగింది. “తల్లి ముఖం తుడిచారు సరే. కొడుకు చెయ్యి ఎప్పుడైనా తుడిచారా, దొన్నా ఓర్సొలా? అదీ నల్లగానే ఉండేదిగా.”

ఓర్సొలా తెల్లబోయింది. “ఆ చెయ్యి ఆవిడ పట్టుకుని ఉంటే నేనెలా ముట్టుకుంటాను? బిడ్డ చెయ్యి తల్లిది.”

“అయితే మీరు రావాలి. మీరు ముట్టుకోని చోట ఒకటి మిగిలింది.”

వాళ్లు చర్చిలోకి వచ్చేసరికి మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్లు మోకాళ్లు పక్కకు జరిపి దారిచ్చారు. మిరెల్లా ఓర్సొలా మోచెయ్యి పట్టుకుని పరంజా కింది పలక మీదికి ఎక్కించి, దీపం పైకెత్తి ఆ మణికట్టు చూపించింది. ఓర్సొలా చాలాసేపు చూసింది. తల్లి పొడి చెంపల్ని చూసింది, మళ్లీ ఆ బొట్టును చూసింది. ఆమె కుడిచెయ్యి అలవాటుగా ఏప్రన్ జేబులోకి వెళ్లి, అక్కడే ఆగి, ఖాళీగా బయటికొచ్చింది.

కిందికి దిగి తన కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలైంది. ముఖం కప్పుకోలేదు, తల దించుకోలేదు. గడ్డం దాకా జారిన నీళ్లు, ఒళ్లో పెట్టుకున్న చేతుల మీద, సూది మచ్చలున్న వేళ్ల మీద పడ్డాయి. ఎవరూ ఊరుకోమనలేదు. తితీనా వచ్చి పక్కన నేల మీద కూర్చుని, ఆమె చేతిలో ఒక కప్పు పెట్టింది. “ఈసారి చల్లారనివ్వను” అంది. ఓర్సొలా తాగింది.

అంతలో నీనో మొదలుపెట్టాడు. పళ్లొస్తున్నాయి, ఎండ, జనం. ఇంతమంది మౌనం మధ్య వాడి గొంతు చర్చి పైకప్పుకు తగిలింది. మిరెల్లా ఒక చేత్తో రుమాలు, ఇంకో చేత్తో సంచిలో థర్మామీటరు వెతుకుతూ లేవబోయింది. ఓర్సొలా తడి ముఖంతోనే చెయ్యి చాపి, ఆమె మణికట్టు పట్టుకుంది. పట్టుకుని, కిందికి లాగి కూర్చోబెట్టింది. చెవిలో ఒక మాట చెప్పింది. మిరెల్లా నేల మీద కూర్చుని బిడ్డను ఎదురుగా ఒళ్లో పెట్టుకుంది. వాడు ఏడుస్తూనే ఆమె ముఖంలోకి చూశాడు. అంత దగ్గరగా, అంతసేపు, అంకె ఏదీ చూడకుండా వాడి ముఖాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. వాడు ఏడవాల్సినంత ఏడ్చి, వెక్కిళ్లు పెట్టి, ఆమె గొంతు దగ్గర తల ఆన్చాడు.

చెంపల మీద కన్నీళ్లు మళ్లీ వేయలేదు. దోన్ ఎజీదియో కూడా ఇక ఆ మాట ఎత్తలేదు. తాళాల గుత్తి మళ్లీ ఓర్సొలా నడుముకు చేరింది. శుక్రవారాలు ఇప్పటికీ తలుపేసుకుంటుంది, ఊరికే కూర్చోవడానికి. ఆ తోలు వేళ్లు ఫొటో కింద దీపం పక్కన పెట్టింది.

నీనో ఇప్పుడు సానితా మెట్ల మీద పరుగెత్తుతాడు, పడతాడు, మోకాళ్లు దోక్కుంటాడు. థర్మామీటరు ఇంకా మిరెల్లా సంచిలోనే ఉంది. ఒళ్లు కాలితే చూస్తుంది, నిజం డాక్టరు దగ్గరికి పరుగెత్తుతుంది కూడా. కానీ వాడు ఏడుపు ఎత్తుకోగానే చెయ్యి రుమాలు కోసం వెళ్తుంది చూడండి, అప్పుడు దాన్ని ఆపి, ఎంతమంది చూస్తున్నా సరే, ఆ మెట్టు మీదే వాడి పక్కన చతికిలబడుతుంది. ఓర్సొలా ఆ రోజు చెవిలో చెప్పింది ఇంతే:

“ముందు పక్కన కూర్చో బిడ్డా. తుడవడం తర్వాత.”